కేకు వాసన గంజాయి

కూర్మమ్మకు గంజాయి వాసన తెలుసు. చిన్నప్పుడు మలాయి దేశపు బటాంగ్ బెర్జుంటై రబ్బరు తోటలో, కూలీల లైన్ ఇళ్ల చివర, మునియాండి గుడి వెనక ముసలివాళ్లు చిలుము పీల్చేవాళ్లు. ఆ పొగ తడి గోనెసంచి కాలినట్టు ఉండేది. తల్లి చెంగుతో ఆమె ముక్కు మూసి రెక్క పట్టుకుని లాక్కుపోయేది. అందుకే కొడుకు శ్రీకుమార్ ఒక సాయంత్రం క్లాంగ్‌లోని తమ ఫ్లాట్ వంటింట్లో గాజుసీసా మూత తీసినప్పుడు అది గంజాయని ఆమెకు తట్టలేదు.

"ఏటిది, కేకా?" అంది.

"కేకు కాదమా. అయ్యకి, నొప్పికి."

ఆమె మళ్లీ వాసన చూసింది. బజారులోని కేకుల దుకాణంలో వెన్న కలిపి, ట్రేలు కడిగి, ఆ పనిలోనే ఆమె జుట్టు నెరిసింది. వెనిలా వాసన ఆమె రైకలకు ఎప్పుడూ పట్టుకునే ఉంటుంది. సీసాలో ఉన్నది అదే వాసన. వెనిలా, వెన్న, అంచున కాస్త మాడిన చక్కెర. ఓ ముద్దను వేళ్లతో నలిపినప్పుడు మాత్రం అడుగునుంచి వేరే సంగతి పైకి వచ్చింది. పెట్రోలు బంకు దగ్గర వాన పడ్డప్పటి వాసన.

"గంజాయి," అన్నాడు శ్రీకుమార్, గొంతు తగ్గించి.

"సంపేస్తావేటిరా మమ్మల్ని?"

"అరవకు లా. గోడ పక్కన లెచ్చుమనన్ అంకుల్ ఉన్నాడు."

శ్రీకుమార్ లారీ డ్రైవరు. థాయిలాండ్ సరిహద్దు దాకా సరుకు తోలి, సరుకు ఎత్తుకుని తిరిగి వస్తాడు. సరిహద్దుకు అవతల ఇది అంగట్లో అద్దాల వెనక పెట్టి అమ్ముతున్నారు. ఇవతల ఇది దొరికితే జైలు, బెత్తం దెబ్బలు, ఎక్కువైతే ఉరికంబం. మధ్యలో ఉన్నది ఒక గేటు. ఇంత చిన్న గేటు మనిషి బతుకును ఇంత తేడాగా కోస్తుందని లారీ తోలేవాళ్లకు తెలిసినట్టు పార్లమెంటులో కూర్చున్నవాళ్లకు తెలియదు. తెలిసినా వాళ్లు ఆ గేటు లారీలో దాటరు.

అతను ఎందుకు తెచ్చాడంటే, పోలయ్య కోసం.

పోలయ్య తోటలో గెలలు కోసిన మనిషి. రబ్బరు నరికి పామాయిలు నాటిన రోజుల్లో పొడుగాటి కొడవలి భుజాన వేసుకుని ఒక్కడే ఇద్దరి పని చేసేవాడు. తోట ఖాళీ చేయించాక క్లాంగ్ వచ్చి గోదాములో మూటలు మోశాడు. ఎముకల్లోకి కాన్సరు దిగాక ఆ మనిషి మంచం పట్టి, చాప అంచును పళ్లతో కొరికేవాడు. ఆసుపత్రి వాళ్లు మార్ఫిన్ మందునీళ్లు ఇచ్చారు. అది నొప్పిని తగ్గించింది, తిండిని కూడా ఆపేసింది. మెతుకు లోపలికి పోతే బయటికి వచ్చేసేది. పెద్ద డాక్టరును చూడాలంటే కట్టిన వరస గేటు దాకా ఉండేది. వరసలో నిలబడగలిగిన రోగికి ఆ డాక్టరు అవసరం అంతగా ఉండదు, అవసరమున్నవాడు నిలబడలేడు.

"ఇది రెండు జాతులు కలిపి పుట్టించినారంట," అన్నాడు శ్రీకుమార్, తనకు ఎవరో చెప్పింది అప్పజెబుతూ. "ఒకటి మనసుని లేపుద్ది, ఒకటి ఒళ్లుని పడుకోబెడద్ది. హైబ్రిడ్ అంటారు. కేకులాగ, ఐస్‌క్రీములాగ వాసన వచ్చేలా సేసినారు. వయసు పిల్లలు బాగా కొంటారంట."

"పిల్లలు తాగీదానికి కేకు వాసన ఎందుకు పెట్టినారు?"

"పిల్లలు తాగీదానికే పెట్టినారమా."

కూర్మమ్మ సీసాను వెలుతురుకు పట్టి చూసింది. గట్టి ముద్దలు, లోపల పచ్చన, అంచుల్లో వంకాయ రంగు. మధ్యమధ్యన నారింజ రంగు నూగు. పైన మాత్రం సన్నటి చక్కెర చల్లినట్టు తెల్లటి మెరుపు. దుకాణంలో డోనట్ల మీద తను చల్లే చక్కెరలాగే ఉంది. తోటలో ముసలివాళ్ల దగ్గర ఉన్నది ఎండుటాకు, గింజలు, పుల్లలు. ఇందులో గింజ కూడా లేదు. భయపడాల్సిన వస్తువు భయపెట్టేలా ఉంటే మనిషి జాగ్రత్తపడతాడు. ఇది పుట్టినరోజుకు తెచ్చినట్టు ఉంది.

పోలయ్య సుట్ట తాగే మనిషి. శ్రీకుమార్ చుట్టి ఇచ్చినదాన్ని వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

"ఓలే కూర్మీ, ముసలితనంలో నాకు కేకు పొగా?"

"తాగవయ్యా, మాటలెందుకు."

నాలిక మీద తియ్యగా ఉందన్నాడు మొదట. తర్వాత గొంతులో మిరియం నమిలినట్టు దగ్గాడు. కాసేపటికి అతని మొహంలో ముడి ఒకటి విప్పుకుంది. తల తేలికైందన్నాడు. తోటలో కూలీల మీద పెత్తనం చేసే కంగాణి సైకిల్లో ఎవరో గాలి తీసేసిన కథ ఎత్తుకున్నాడు, మధ్యలో తనకే నవ్వొచ్చి ఆగిపోయాడు. కళ్లు ఎర్రబడ్డాయి. నోరు ఎండిందని నీళ్లు అడిగాడు. ఆ తర్వాత ఒళ్లు బరువెక్కి దిండు మీద వాలి, చాలా రోజుల తర్వాత ఒక మాటన్నాడు.

"అన్నం ఉందేటి?"

కూర్మమ్మ ఎండు నెత్తళ్ల సంబల్ కారంతో అన్నం కలిపి పెట్టింది. తిన్నాడు. బయటికి రాలేదు. నిద్రపోయాడు. ఆమె వంటింట్లోకి పోయి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

అది రోగాన్ని తగ్గించలేదు. ఆ మాట దాచకూడదు. కాన్సరు తన దారిన తను ఎముక తింటూనే ఉంది. అది ఎల్లప్పుడూ మంచే చేసిందని కూడా కాదు. ఒకసారి ఎక్కువ పీల్చాడు, పోలయ్య గుండె దడదడలాడింది. తోటలో లెక్కలు చూసే మండోరు తలుపు తోసుకుని వస్తున్నాడని, గెలలు లెక్కకు తక్కువైనాయని గడగడ వణికాడు. ఎప్పుడో చచ్చిపోయిన మండోరు. కూర్మమ్మ అతని చెయ్యి పట్టుకుని కూర్చుంది. "ఎవుడూ లేడయ్యా. తోట లేదు, మండోరు లేడు, నేనే ఉన్నాను," అని తెల్లారేదాకా చెబుతూనే ఉంది. ఇంత తియ్యటి వాసన లోపల ఇంత బలం ఉంటుందని ఆ సీసా మీద ఎవరూ రాయలేదు. అప్పటినుంచి సీసా ఆమె చేతిలోకి వచ్చింది. ఎంత, ఎప్పుడు అన్నది ఆమే చూసేది.

వానాకాలం మొదలుకాకముందే పోలయ్య పోయాడు. ఆఖరి రోజుల్లో తిన్నాడు, నిద్రపోయాడు, భార్యను తోటలో పిలిచినట్టు పిలిచాడు. సీసాలో సగం పైనే మిగిలింది. పారేయమన్నాడు శ్రీకుమార్. సరేనంది. పారేయలేదు. సీసాలోంచి ఖాళీ మైలో పొడి డబ్బాలోకి మార్చి, బియ్యం బస్తా వెనక పెట్టింది.

దీపావళికి ముందు రోజు వాళ్లింట్లో పెద్దలకు పెడతారు. సముద్రం దాటి వచ్చిన ముత్తాతలు భాష సగం పోగొట్టుకున్నారు, ఊరు పేరు పోగొట్టుకున్నారు, ఇది మాత్రం పోగొట్టుకోలేదు. పోయినవాళ్ల ఫోటో ముందు అరిటాకు వేసి, వాళ్లకు బతికుండగా ఏది ఇష్టమో అదే పెట్టాలి. ఒకరికి కల్లు, ఒకరికి నశ్యం, ఒకరికి బీరు సీసా. ఇష్టమైన వస్తువు ఒక్కటి మరిచిపోయినా వచ్చినవాళ్లు ఆకలితో తిరిగిపోతారు. అన్నీ పెట్టాక ఇంట్లోవాళ్లంతా బయటికి వచ్చి తలుపు దగ్గరకు వేస్తారు, వాళ్లొచ్చి తినిపోవడానికి.

పోలయ్యకు అది మొదటి ఆకు. పీతల కూర పెట్టింది కూర్మమ్మ. నల్ల బీరు పెట్టింది. సుట్ట పెట్టింది. తర్వాత ఆకు ముందు చాలాసేపు నిలబడింది. ఆఖరి నెలల్లో ఆయన చెయ్యి చాచి అడిగింది వీటిలో ఏదీ కాదు. ఆమె బియ్యం బస్తా వెనక్కి పోయింది. చిన్న స్టీలు గిన్నెలో ముద్దలు వేసి ఆకు పక్కన పెట్టింది.

పోలయ్య చెల్లెలి కూతురు శర్మిళ వచ్చి ఉంది. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడడం అంతంతమాత్రం. జొహోర్‌లో ఉన్న తల్లి రాలేకపోయిందని, తలుపు వేయకముందు ఫోన్‌తో ఆకును ఫోటో తీసింది.

"అత్తా, ఇది ఏంటి? సూపర్ వాసన లా. కేక్ మాదిరి."

"మీ మావయ్యకి ఇష్టం," అంది కూర్మమ్మ.

తలుపు తెరిచి లోపలికి వచ్చాక శ్రీకుమార్ గిన్నెను చూశాడు. చేతిలో హారతి పళ్లెం అలాగే ఉండిపోయింది. అతని భార్య వసంతి చంకలో కూతురితోనే పళ్లెం అందుకుంది. తల్లిని వంటింట్లోకి లాక్కుపోయాడు.

"ఇంకా ఉందా ఇది? ఇప్పుడే టాయిలెట్‌లో పోసేయ్ అమా."

"పెద్దలకి పెట్టింది టాయిలెట్‌లో పోస్తారేటిరా? ఎంగిలి పడ్డాక అది ఆయనది. పారీ నీళ్లలో కలపాల."

"ఆయన పోయినాడు. నేను లారీ తోలతాను. నీకు తెల్దా?"

"ఆదివారం నది కాడికి తీసుకెళ్లు. నేనే కలిపేస్తాను. అందాకా నోరు ముయ్యి."

పెద్దలకు పెట్టినది ఇంట్లోవాళ్లంతా పంచుకుని తినాలి, లేదా పారే నీటికి ఇవ్వాలి. ఇది పంచుకునేది కాదు, మురుగులో పోసేది కాదు. ఆమె దృష్టిలో మరో దారి లేదు. శ్రీకుమార్ వాదించి ఓడిపోయాడు. తల్లితో వాదించి గెలిచిన అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

ఆదివారం రాకముందే పోలీసులు వచ్చారు.

శర్మిళ ఫోటోను తల్లికి పంపింది. తల్లి చుట్టాల గుంపులో పెట్టింది, అన్న ఆకు ఎంత నిండుగా ఉందో చూడండని. అక్కడినుంచి అది ఎవరెవరి ఫోన్లు తిరిగిందో, ఎవరు ఎవరికి చూపించారో ఇప్పటికీ తెలియదు. తెలుసుకుని చేసేదీ లేదు. సార్జెంటు గుమ్మంలో నిలబడి తన ఫోన్‌లో ఫోటో చూపించాడు. పీతల కూర, బీరు, సుట్ట, గిన్నె.

"ఆంటీ, ఇది ఎవరిది?" అని మలాయిలో అడిగాడు, గిన్నె మీద వేలు పెట్టి.

"మా ఆయనది."

"ఆయన ఎక్కడ?"

"పోయినాడు."

"పోయినవాడిది ఎలా అవుతుంది?"

"ఆయనకే కదా పెట్టినాను," అంది కూర్మమ్మ.

కుర్ర పోలీసు ఒకడికి నవ్వొచ్చింది. తర్వాత ఫోటోకు వేసిన దండ చూసి ఆపుకున్నాడు. మైలో డబ్బా దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. మూత తీయగానే వంటిల్లంతా వెనిలా వాసన. తల్లినీ కొడుకునూ ఇద్దరినీ తీసుకుపోయారు. గోడ పక్క లెచ్చుమనన్ తలుపు సందులోంచి చూసి, మళ్లీ వేసుకున్నాడు.

ఇద్దరికీ మూత్రపరీక్ష చేశారు. ఇద్దరిలోనూ ఏమీ లేదు. మామూలు బుద్ధికి అది మంచి కబురు. స్టేషన్లో అది చెడ్డ కబురైంది. తల్లి తాగదు, కొడుకు తాగడు, కొడుకు సరిహద్దుకు లారీ తోలతాడు. మరి ఇంట్లో సరుకు ఎందుకుంది? అమ్మడానికే. వాళ్ల లెక్క అలా కుదిరింది.

వసంతి రాజధానిలోని బ్రిక్‌ఫీల్డ్స్ దాకా రైలెక్కి పోయి వకీలును తెచ్చింది. పేరు నంతిని. పేదవాళ్ల కేసులు చూసే చిన్న పిల్ల, చెప్పులు అరిగిపోయాయి. స్టేషన్ గదిలో కూర్మమ్మకు ఎదురుగా కూర్చుని తమిళంలో ఉన్నదున్నట్టు చెప్పింది. బరువును బట్టి అమ్మకం కింద ఊహించుకునే హద్దుకు ఇది తక్కువే. కానీ సరిహద్దు దాటించాడని తేలితే సంగతి వేరు. చట్టంలోంచి 'తప్పనిసరి' అన్న మాట తీసేశారు గానీ, ఉరి అలాగే ఉంది. వట్టి దగ్గరుంచుకోవడమే అన్నా ఈ బరువుకు ఏళ్ల జైలు, దానితోపాటు రోతాన్.

రోతాన్ అంటే బెత్తం. దాన్ని నీళ్లలో నానబెట్టి, మనిషిని చట్రానికి కట్టి, పిర్రల మీద కొడతారు. తోటలో ఒకడు ఆ దెబ్బలు తిని వచ్చాడు. బోర్లా పడుకుని తినేవాడు. ఆ తర్వాత ఎప్పుడూ పదిమందిలో కూర్చోలేదు. గాయం మానాక కూడా.

"ఆడదాన్ని కొడతారేటమ్మా?" అని అడిగింది కూర్మమ్మ.

"ఆడవాళ్లకు రోతాన్ లేదు, అమ్మా."

"అయితే అది నాది."

"మీరు అబద్ధం చెప్పండని నేను చెప్పకూడదు. వినకూడదు కూడా."

"నువ్వు సెప్పలేదు. నువ్వు ఇనలేదు. నీకు పెళ్లయిందా?"

"లేదు."

"మంచిది. కొడుకులు పుట్టకముందే సెబుతున్నాను, నాతో వాదించకు."

మర్నాడు ఇన్‌స్పెక్టరు ముందు కూర్చోబెట్టారు. పెద్ద వయసు మనిషి, మర్యాదగానే మాట్లాడాడు. కానీ నమ్మలేదు. మీ అబ్బాయిని కాపాడడానికి చెబుతున్నారు ఆంటీ, నాకూ తల్లి ఉంది, అన్నాడు. ఎక్కడ కొన్నారన్నాడు. కూరల బజారులో, టోపీ పెట్టుకున్న చీనావాడి దగ్గర, అంది. పేరు తెలియదంది. మొహం గుర్తులేదంది. అతను కలం కింద పెట్టేశాడు.

"సరే. కొన్నది మీరైతే, వాడింది మీరైతే, అది ఎలా ఉంటుందో చెప్పండి."

కూర్మమ్మ చెప్పడం మొదలుపెట్టింది. లోపల పచ్చన, అంచున వంకాయ రంగు, పైన చక్కెర పొడి. మూత తీస్తే వెనిలా, వెన్న. నలిపితే పెట్రోలు, తడి మట్టి. నాలిక మీద తియ్యన, గొంతులో మిరియం. ముందు తల లేస్తుంది, మాట ఎక్కువవుతుంది, నవ్వొస్తుంది. కన్ను ఎర్రబడుతుంది, నోరు ఎండుతుంది. తర్వాత ఒళ్లు బరువెక్కుతుంది. ఆకలేస్తుంది, వాంతి ఆగుతుంది, నిద్రపడుతుంది. ఎక్కువైతే గుండె పరిగెడుతుంది, లేనివాళ్లు కనిపిస్తారు, అప్పుడు చెయ్యి వదలకూడదు. రెండు జాతులు కలిపి పుట్టించినది. రెండో జాతి గుణం వచ్చేదాకా ఓపిక పట్టాలి. మా ఆయనకు ఎంత పడుతుందో నాకే తెలుసు, నా కొడుక్కి తెలియదు, వాడు ఇంట్లో ఉండేవాడే కాదు.

చెబుతున్నకొద్దీ ఆమె గొంతు నెమ్మదించింది. అందులో అబద్ధం ఒక్కటే, కొన్నచోటు. మిగిలినదంతా మంచం పక్కన కూర్చుని చూసింది. ఇన్‌స్పెక్టరు కలం ఎత్తుకుని అన్నీ రాసుకున్నాడు. ఆయన చూసిన కేసుల్లో ఇంత నిండు వాంగ్మూలం ఇచ్చినవాళ్లు లేరు. కింద ఆమె వేలిముద్ర వేయించి, లేచి, టీ తెమ్మని చెప్పాడు. ఒక మనిషికి నొప్పి ఎలా తగ్గిందో ఒక భార్య చెప్పిన మాటలు ఈ దేశంలో నేరం ఒప్పుకోలు కింద ఫైలైనాయి.

శ్రీకుమార్‌ను వదిలేశారు.

అతను ఊరుకోలేదు. విచారణ రోజున కోర్టు వరండాలో, కాపలా పోలీసు పక్కకు చూస్తున్నప్పుడు తల్లి దగ్గరకు వచ్చాడు. గడ్డం పెరిగిపోయి ఉంది.

"నేను సెప్పేస్తానమా. నేనే తెచ్చినానని సెప్పేస్తాను."

"సెప్పి?"

"నిన్ను జైల్లో పెట్టి నేనెలాగ అన్నం తింటాను?"

"సేత్తో తింటావు. అందరూ అలాగే తింటారు." గొంతు మార్చింది. "ఒరే, నువ్వు సెబితే నన్ను వదలరు. నిన్ను పట్టుకుంటారు, అబద్ధం ఆడినానని నన్నూ పట్టుకుంటారు. వసంతి ఏటవ్వాల? నీ కూతురు గుంట ఏటవ్వాల?"

"తెచ్చింది నేను."

"దాసింది నేను. ఆకు కాడ పెట్టింది నేను. టాయిలెట్‌లో పోయమంటే పోయంది నేను. నీ తప్పుకి నా తప్పుకి ఎవడు తూకం ఏస్తాడు ఇప్పుడు? నోరు ఇప్పితే నీ అయ్య మీద ఒట్టు."

శర్మిళ స్తంభం పక్కన నిలబడి ఏడుస్తోంది. కూర్మమ్మ ఆమెను చూసి, "ఆ గుంటని ఎవరూ ఏటీ అనకండి. మా ఆయన ఆకు బాగుందనే తీసింది," అంది. అంతలో పిలుపు వచ్చింది.

కోర్టులో తెలుగు దుబాసి లేడు. తమిళ దుబాసిని పెట్టారు. నంతిని లేచి ఆమె వయసు చెప్పింది, భర్త రోగం చెప్పింది, మొదటి తప్పు అని చెప్పింది. రాజధానిలో డబ్బున్నవాళ్ల ఎత్తయిన కొండో ఫ్లాట్లలో ఇదే కేకు వాసన బాల్కనీల్లోంచి వస్తుందని, అక్కడ తలుపు కొట్టేవారు లేరని ఆమె చెప్పలేదు. చెబితే వినే చోటు అది కాదు. సర్కారు వకీలు లేచి, మత్తుపదార్థాలు దేశానికి శత్రువులన్నాడు. తియ్యటి వాసనలు పెట్టి పిల్లలను పట్టుకుంటున్నారన్నాడు. అది నిజమే. ఆ తియ్యదనం కనిపెట్టినవాడు, పేరు పెట్టినవాడు, గేటు అవతల అద్దాల వెనక అమ్ముతున్నవాడు, ఒక్కడూ ఆ గదిలో లేడు. బోనులో ఉన్నది కేకుల దుకాణంలో ట్రేలు కడిగే ముసలామె.

జడ్జి చదివాడు. అయిదేళ్లు. చట్టంలో ఉన్న అతి తక్కువ అదేనని, అంతకంటే కిందికి తన చెయ్యి పోదని అన్నాడు. దుబాసి తమిళంలో చెప్పాడు. అర్థమైందా అని అడిగితే కూర్మమ్మ తలూపింది.

ఆడ పోలీసు వచ్చి మోచెయ్యి పట్టుకుంది. అప్పుడు వెనక బెంచీ కర్రచప్పుడైంది. కూర్మమ్మ తిరిగి చూసింది. శ్రీకుమార్ లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. జడ్జి కాగితాల మీంచి తలెత్తి అటు చూశాడు. పక్కనున్న వసంతి అతని చొక్కా అంచు గుప్పిట్లో పట్టుకుంది, అలా పట్టుకునే ఉంది.

కూర్మమ్మ కదల్లేదు. ఆడ పోలీసు లాగినా కదల్లేదు. కొడుకు మొహంలోకే చూస్తోంది, చిన్నప్పుడు మందు మింగేదాకా చూసినట్టు.

శ్రీకుమార్ కూర్చున్నాడు. రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

"పదమ్మా," అంది కూర్మమ్మ ఆడ పోలీసుతో, తెలుగులోనే, ముందుగా తనే నడుస్తూ.